పాపని ఎవరి చేతుల్లో పెట్టాలి?

ప్రియమైన నేస్తమా,

నీ మెసేజ్ రాత్రి మూడుసార్లు చదివానే. "సెలవు ఇంకా ఆరు వారాలే ఉంది, పాపని ఎవరి చేతుల్లో పెట్టను?" అన్న చోట నాకూ గొంతు పట్టేసింది. ఫోన్ చేస్తే ఇద్దరం ఏడ్చుకుంటూ కూర్చుంటాం, అసలు విషయం అలాగే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను.

ప్రీస్కూల్ గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకు. అది మూడేళ్ళ పిల్లలకి. తన వంతు వచ్చేదాకా ఆగడం, నలుగురితో ఆడుకోవడం అప్పటికి గానీ రావు. పైగా చాలాచోట్ల అది ఒంటిపూటే, మిగతా పూటకి మళ్ళీ ఎవరో ఒకరిని వెతుక్కోవాలి.

ఇక ఆయా. మా పెద్దాడికి దొరికినావిడ బంగారం. వాడు చెవి రుద్దుకుంటే నిద్రొస్తోందని నాకంటే ముందు ఆవిడే కనిపెట్టింది. కానీ ఆవిడకి జ్వరమొస్తే నాకు సెలవే. ఒకరోజు ఉన్నట్టుండి వాళ్ళ కుటుంబం ఊరు మారింది. ఆవిడ తప్పేం లేదు. అప్పటికి వాడికి ఏడాదిన్నర. రోజూ ఆవిడ వచ్చే వేళకి వెళ్ళి తలుపు దగ్గర నిలబడేవాడు. ఎనిమిది రోజులు అలా నిలబడ్డాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. అందుకే ఎవరితో మాట్లాడినా, ఎంత కాలం ఉండగలరని ముందు అడుగు.

చిన్నదాన్ని డేకేర్‌లో వేశాం. మొదటి ఏడాది ముక్కు కారని వారం లేదు. గుంపులోకి కొత్తగా వెళ్ళిన పసివాళ్ళకి అది మామూలే, నీ సెలవులు కొన్ని దానికోసం దాచుకో. కానీ అక్కడ ఒకరు రాకపోతే ఇంకొకరు ఉంటారు. ఆ నిశ్చింత నాకు బాగా కలిసొచ్చింది.

చూడ్డానికి వెళ్ళినప్పుడు గోడల మీద బొమ్మలు చూసి మురిసిపోకు. ఎంతమంది పిల్లలకి ఒక మనిషో లెక్కపెట్టు. ఏడాదిలోపు పిల్లలైతే ముగ్గురికి ఒకరు ఉండాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం సలహా. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా వేస్తున్నారా, ఉయ్యాల్లో దిళ్ళూ బొమ్మలూ లేకుండా చూస్తున్నారా అన్నదీ గమనించు. సాయంత్రం, అందరూ అలిసిపోయిన వేళకి ఇంకోసారి వెళ్ళు. ఒక పిల్ల ఏడ్చిందనుకో, అక్కడున్నావిడ ఏం చేస్తుందో చూడు. నేను వెళ్ళిన ఒకచోట దూరం నుంచే "ఊరుకో, ఊరుకో" అన్నారు. ఇంకోచోట ఒకావిడ చేతిలో పని పక్కన పెట్టి, నేల మీద కూర్చుని, పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. అక్కడే చేర్పించాను.

పాప ఏడుస్తుందే, ముందే చెప్తున్నా. ఎనిమిదో నెల దాటాక అమ్మ కనబడకపోతే బెంగపడటం పెరుగుతుంది. నీ పాపకి పది నెలలు, సరిగ్గా ఆ వయసే. ఏడ్చినంత మాత్రాన చోటు మంచిది కాదని కాదు. చెప్పకుండా మాత్రం జారుకోకు. నేను ఒకసారి అలా చేశాను. తర్వాత వారం రోజులు నేను బాత్రూమ్‌కి వెళ్ళినా మా చిన్నది తలుపు కొట్టేది. ముద్దుపెట్టి, "సాయంత్రం వస్తా" అని చెప్పి వెళ్ళు. ఉద్యోగంలో చేరడానికి రెండు వారాల ముందే మొదలుపెట్టు. ముందు గంటసేపు నువ్వూ అక్కడే ఉండు, తర్వాత కొంచెం కొంచెంగా వదులు.

నువ్వు తప్పు చేస్తున్నాననే కదా నలిగిపోతున్నావు. 1991లో అమెరికాలో మొదలైన పెద్ద అధ్యయనం ఒకటుంది. వెయ్యిమందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి ఏళ్ళ తరబడి గమనించారు. పిల్ల పగలు ఎక్కడుందన్న దానికంటే ఇంట్లో అమ్మానాన్నలు తనతో ఎలా ఉన్నారన్నదే ఎక్కువ ప్రభావం చూపిందని తేలింది. నా చెడ్డ రోజుల్లో నన్ను నిలబెట్టింది ఆ మాటే.

నన్నడిగితే, ఆయా రాని రోజున ఇంట్లో ఆదుకునేవాళ్ళు నీకు లేరు కాబట్టి, తక్కువమంది పిల్లలున్న డేకేర్ వైపే మొగ్గుతాను. రెండు మూడు చోట్లు చూసి పెట్టు. శనివారం నేనూ వస్తా, కలిసి వెళ్దాం. పాపని నేనెత్తుకుంటాను, నువ్వు మాట్లాడు.

నీ నేస్తం