బోరు మోటరుకు బ్రష్‌లుండవు

సంపాదకుడి గారికి,

కొండమల్లేపల్లిలో 22 ఏళ్లుగా మోటర్ల రివైండింగ్ (కాలిన తీగచుట్టలు తీసి కొత్తవి చుట్టడం) చేస్తున్నాను. మొన్న ఒక రైతు కాలిన బోరు మోటరు తెచ్చాడు, వెంట పదో తరగతి చదివే కొడుకు. నేను విప్పుతుంటే పిల్లవాడు లోపలికి తొంగి చూసి, "బ్రష్‌లేవి మామా? స్ప్లిట్ రింగు ఏది?" అన్నాడు. లేవన్నాను. "మరి ఎట్ల తిరుగుతది?" అన్నాడు. ఆ ప్రశ్న కోసమే ఈ ఉత్తరం.

వాడి తప్పేం లేదు. పుస్తకంలో ఉన్నది డీసీ మోటరు: అయస్కాంత ధ్రువాల మధ్య తీగచుట్ట, తిరిగే ఆ చుట్టకు కరెంటు అందించే స్ప్లిట్ రింగు, బ్రష్‌లు. ఆటబొమ్మ కారు విప్పితే అదే కనబడుతుంది. కానీ మా నల్లగొండ పిల్లలు పుట్టినప్పటి నుంచి చేలో చూసేది మూడు ఫేజుల ఇండక్షన్ మోటరు. అందులో కరెంటు స్టేటర్ చుట్టలకే, అంటే కదలని బయటి భాగానికే ఇస్తాం. తిరిగే రోటర్‌కు ఒక్క వైరు కూడా కలపం.

నోటితో చెప్పలేక చేసి చూపించాను. కొత్తగా చుట్టిన స్టేటర్ బల్ల మీదుంది. లోపల ఒక బేరింగ్ గుండు వేసి, వేరియాక్‌తో వోల్టేజీ బాగా తగ్గించి మూడు ఫేజులూ ఇచ్చాను. గుండు లోపలి గోడ వెంట గిరగిరా తిరిగింది. రెండు వైర్లు అటూ ఇటూ మార్చితే ఎదురు తిరిగింది. వైండింగ్ కుదిరిందో లేదో చూసుకోవడానికి మేం చేసే పరీక్షే ఇది. కాయిల్ ఏదైనా తిరగేసి కలిపితే గుండు ఒకచోట అతుక్కుపోతుంది. స్టేటర్ కదలదు, దాని లోపలి అయస్కాంత క్షేత్రం తిరుగుతుంది.

50 హెర్ట్జ్ కరెంటుకు రెండు ధ్రువాల మోటరులో ఆ క్షేత్రం నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంది. నేమ్‌ప్లేటు మీద మాత్రం 2,850 అనో 2,880 అనో ఉంటుంది. రోటర్ ఆ కాస్త వెనకబడితేనే దాని కడ్డీల్లో కరెంటు పుడుతుంది, బలం వస్తుంది. క్షేత్రాన్ని పూర్తిగా అందుకుంటే ఆ బలమే ఉండదు. ఫారడే 1831లో కనిపెట్టిన ప్రేరణ ఇదే.

వాళ్ల నాన్న మోటరు కాలిందీ ఇక్కడే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ వైపు) ఫ్యూజు పోయి ఒక ఫేజు ఆగింది. మిగిలిన రెండు ఫేజులతో తిరిగే క్షేత్రం మొదలవదు. ఆగి ఉన్న మోటరు హుమ్మంటుంది గానీ లేవదు, మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. కరెంటు ఎక్కువైతే మోటరును ఆపేందుకు స్టార్టర్‌లో ఉండే ఓవర్‌లోడ్ రిలే పడిపోవాలి. మాటిమాటికీ పడిపోతోందని దానికి పుల్ల పెట్టి బిగించారు! ఈ తెలివి మా వైపు చాలా స్టార్టర్లలో చూస్తుంటాను.

ట్రాన్స్‌ఫార్మర్ కూడా అంతే, అందరూ చూస్తారు, లోపల చూసినవాళ్లు తక్కువ. తీగలు చుట్టే ఇనుప కోర్‌ను పలుచటి రేకులు పేర్చి చేస్తారు. ముద్ద ఇనుము పెడితే అందులోనే ఎడ్డీ కరెంట్లు (సుడి తిరిగే కరెంట్లు) పుట్టి కాగిపోతుంది. 11 కేవీని (11,000 వోల్టులను) 433 వోల్టులకు దించే 25 కేవీఏ సామర్థ్యం దానిలో పై (ఎక్కువ వోల్టేజీ) వైపు కరెంటు 1.3 ఆంపియర్లే, కింది వైపు 33. అందుకే కింది వైపు తీగ లావు. వోల్టేజీ దించితే కరెంటు పెరుగుతుందని పిల్లలు లెక్కలు చేస్తారు. ఈ రెండు తీగలు చేతికిస్తే లెక్క అక్కర్లేదు.

పాఠం తీసేయమనను, డీసీ మోటరుతో మొదలుపెట్టడమే తేలిక. దాని వెనక మూడు ఫేజుల మోటరుకు ఒక పేజీ ఇవ్వండి. ప్రతి బడిలో ఒక కాలిన స్టేటర్, కొన్ని కోర్ రేకులు పెట్టించండి. గుండు పరీక్ష మాత్రం పిల్లలతో చేయించొద్దు, మెకానిక్‌ను పిలవండి, ఒక పూట పని.

చుట్టుపక్కల బడులకు స్టేటర్ ఊరికే ఇస్తాను, వైండింగ్‌తో సహా. రాగి ధర అందరికీ తెలిసిందే కాబట్టి ముందే ఒక మాట: నేనిచ్చింది మళ్లీ స్క్రాపు దుకాణంలో కనబడకూడదు.

ఇట్లు,
ఒక రివైండింగ్ మెకానిక్,
కొండమల్లేపల్లి, నల్లగొండ జిల్లా