వయార్తాలో మా అమ్మని చూసుకున్నవాళ్లకి

మెక్సికోలోని పుయెర్తో వయార్తాలో పది రోజులుండి మొన్న రాత్రి డాలస్ చేరాం. సూట్‌కేసులు ఇంకా విప్పలేదు. ముందు ఇది రాస్తే గానీ మనసు కుదుటపడేలా లేదు.

అక్కడ జూన్ నుంచి అక్టోబరు దాకా వానాకాలం, టూరిస్టులు పెద్దగా రారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, జనంలో నడవలేదు. అందుకే కావాలని సెప్టెంబరులో వెళ్లాం. పగలంతా ఉక్క, సాయంత్రం కొండల మీద ఉరుములు, ఓ గంట వాన, ఆపైన చల్లగాలి. చాలా హోటళ్లు మూసేసి రంగులు వేసుకుంటున్నారు. "మన భీమిలిలా ఉందిరా" అంది అమ్మ.

మూడో రోజు వాన వెలిశాక బయటికొచ్చాం. ఆ పాత వీధులన్నీ గుండ్రాళ్లు పరిచినవి. అమ్మ కాలు జారింది. చీలమండ క్షణాల్లో బూరెలా పొంగింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మలుపులో బొప్పాయి, జికామా (పచ్చిగా తినే తియ్యటి దుంప) ముక్కల మీద నిమ్మరసం, కారం చల్లి అమ్మే అమ్మాయి బండి వదిలేసి పరిగెత్తుకొచ్చింది. తను కూర్చునే స్టూలు తెచ్చి వేసింది. పండ్ల కింద పరిచిన ఐసు తీసి, నడుముకి కట్టుకున్న ఏప్రన్ విప్పి, అందులో మూటగట్టి అమ్మ కాలికి ఒత్తి పట్టుకుంది. అలా పావుగంట రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుంది. అసలే బేరాల్లేని రోజులు, ఆ పావుగంటా బండి దగ్గర ఎవరూ లేరు. డబ్బివ్వబోతే నా చెయ్యి వెనక్కి నెట్టేసింది.

అక్కడ చాలా మందుల షాపుల పక్కనే చిన్న గదిలో డాక్టరు ఉంటారు. మమ్మల్ని అక్కడికి నడిపించింది కూడా తనే. డాక్టరుగారు ఓపిగ్గా చూసి, ఎముక విరగలేదు, బెణికిందంతే అని క్రేప్ బ్యాండేజీ కట్టారు. మా టెన్షన్ సగం అక్కడే తీరింది.

ఇక మేం దిగిన ఇంటి ఓనరావిడ. అమ్మ మాంసం తినదని తెలిసి రోజూ వేడి వేడి తోర్తియాలు (అక్కడి పల్చటి రొట్టెలు), బీన్స్ తెచ్చిపెట్టేది. ఒకరోజు ఎర్రటి షర్బత్ తెచ్చింది. అమ్మ ఒక గుక్క తాగి "ఇది గోంగూర పులుపే!" అంది. నిజమే, వాళ్లు హమైకా అనేది ఎర్ర గోంగూర కాయల మీది రేకులనే. మర్నాడు అమ్మ స్టూలు మీద కూర్చునే పులిహోర కలిపింది. అమ్మ "చెల్లెమ్మా" అంటుంది, ఆవిడ "సెన్యోరా" (స్పానిష్‌లో అమ్మగారూ అని) అంటుంది. ఇద్దరికీ ఏ మాటా అడ్డం రాలేదు.

ఎనిమిదో రోజు తాబేళ్ల పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారంటే వెళ్లాం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు, మన విశాఖ తీరానికి వచ్చేవే. 1990లో మెక్సికో వాటిని పట్టడం నిషేధించింది. అమ్మ ఇసుకలో నడవలేదని అక్కడి కుర్రాళ్లిద్దరు ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి నీళ్ల దాకా తీసుకెళ్లారు. చేత్తో ముట్టుకోకూడదని కొబ్బరి చిప్పలో ఒక పిల్లని పెట్టి ఇచ్చారు. నల్లగా, అరచేతిలో సగం కూడా లేదు. అమ్మ చిప్ప వంచింది. అది రెండుసార్లు అలకి వెనక్కొచ్చి, మూడోసారి వెళ్లిపోయింది. అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆ ఇంటి ఓనరావిడకి ఇది స్పానిష్‌లో రాయించి పంపుతున్నాను. పండ్లమ్మాయి నంబరు తీసుకోవడం మర్చిపోయాను. మీలో ఎవరైనా అటు వెళ్తే, గోపురం మీద కిరీటం ఉన్న గ్వదలూపే మాత చర్చి వెనక వీధుల్లో ఆ బండి కనిపిస్తే, ఆ ఇండియా అమ్మగారి కాలు తగ్గిందని, ఇప్పుడు చక్కగా నడుస్తోందని దయచేసి చెప్పండి.