ఆ పన్నెండు గడుల్లో ఏం నింపారు? ఇంధన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. ఊళ్లను కలిపే విద్యుత్ లైన్ల గ్రిడ్ అందని మా ఆవాసానికి మీ శాఖ పెట్టిన సౌర విద్యుత్ వ్యవస్థ రాత్రి తొమ్మిదిన్నరకల్లా ఆగిపోతోందని మొర పెట్టుకుంటూ మీకు రాస్తున్న తొమ్మిదో ఉత్తరం ఇది. మొదటి ఎనిమిదీ తమరి కార్యాలయంలో ఏ బీరువాలో విశ్రాంతి తీసుకుంటున్నాయో తెలియదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఎనిమిదింటికీ కలిపి జవాబు ఒక్కటే వచ్చింది, అదీ రెండు వాక్యాల్లో. మా సౌర వ్యవస్థను అంతర్జాతీయంగా పేరున్న సాఫ్ట్‌వేర్‌తో రూపొందించారట, కాబట్టి డిజైన్‌లో లోపానికి తావు లేదట. వినియోగదారులు పరిమితికి మించి వాడటమే సమస్యకు కారణమట. అంటే తప్పు బ్యాటరీది కాదు, లెక్కది కాదు, మీ శాఖది అసలే కాదు. చీకటి పడ్డాక దీపం వేసుకున్న మాది.

అయితే ఆ జవాబుకు గుండుసూదితో ఇంకో కాగితం కూడా గుచ్చి ఉంది. కావాలని పంపింది కాదు, ఎవరో గుమస్తా పొరపాటు. డిజైన్ నివేదికలో సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన అంకెల పేజీ అది. మూడేళ్లలో మీ శాఖ మాకు చేసిన ఏకైక ఉపకారం ఆ పొరపాటే. ఆ గుమస్తాను దయచేసి శిక్షించకండి.

నేను ఇంజనీరును కాను. మా వినియోగదారుల సంఘంలో మీటరు లెక్కలు రాసే మనిషిని. ఆ కాగితం చేతికొచ్చాక ఒక పాత ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుని, పగటిపూట కరెంటు ఉన్నప్పుడల్లా కూర్చుని, మీ శాఖ వాడిన హోమర్ అనే సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో నేర్చుకున్నాను. అది 1990లలో అమెరికాలోని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాలలో పుట్టింది. మంచి పనిముట్టు. ఇన్ని ప్యానెళ్లు, ఇంత బ్యాటరీ, ఇంత ఇన్వర్టర్ అని ఒక్కో కలయికను తీసుకుని, ఏడాదిలోని 8,760 గంటలనూ గంట గంటగా నడిపి చూస్తుంది. ఏ గంటలో ఎండ ఎంత, వాడకం ఎంత, బ్యాటరీలో మిగిలింది ఎంత అని లెక్క కడుతుంది. అవసరానికి నిలబడని కలయికలను పక్కన పడేస్తుంది. నిలబడినవాటిని మొత్తం జీవితకాలపు ఖర్చు ప్రకారం, తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పేరుస్తుంది. ఇంతకంటే నిజాయితీగల నౌకరు ఎక్కడ దొరుకుతాడు? కానీ అది మా ఆవాసానికి వచ్చి చూడదు కదా. మీరు చెప్పిందే నమ్ముతుంది.

మరి మీ వాళ్లు దానికి ఏం చెప్పారో చూడండి.

ఆ పేజీలో ఎండకు పన్నెండు గడులున్నాయి, నెలకొకటి. పన్నెండింటిలోనూ ఒకే అంకె ఉంది: 5.2. అంటే చదరపు మీటరుకు రోజుకు అన్ని కిలోవాట్ గంటల ఎండ. ఏడాది సగటును తీసుకుని పన్నెండు సార్లు అతికించారు. మండు వేసవిలో 5.2, ఎడతెరిపి లేని ముసురులో కూడా 5.2! మా చోట మబ్బు నెలలో నిజంగా పడేది 3.2 కిలోవాట్ గంటల ఎండ. ఇది నా ఊహ కాదు, నాసా ఉచితంగా ఇచ్చే ఉపగ్రహ సమాచారంలో అక్షాంశం, రేఖాంశం కొడితే నెలవారీగా వస్తుంది. మా 12 కిలోవాట్ల ప్యానెళ్లకు వేడి, దుమ్ము, తీగల నష్టం కింద పావు వంతు తీసేస్తే, 5.2 ఎండకు రోజుకు 46 యూనిట్ల పైచిలుకు వస్తుంది. 3.2 ఎండకు 29 కూడా రావు. గ్రిడ్‌కు కలిపిన ప్యానెళ్లకైతే ఏడాది సగటు చాలు, వేసవిలో మిగిలింది గ్రిడ్ తీసుకుంటుంది, ముసురులో తగ్గింది గ్రిడ్ ఇస్తుంది. మాకు ఆ గ్రిడ్డే లేదు కాబట్టే కదా ఇదంతా. వేసవిలో మిగిలిన కరెంటును ఏ బ్యాటరీ ముసురు దాకా మోసుకురాలేదు. గ్రిడ్ లేని వ్యవస్థను అన్నిటికంటే అధ్వానమైన నెలను బట్టి లెక్కకడతారని ఈ పని చేసే ఏ కుర్రవాణ్ని అడిగినా చెబుతాడు.

ఇక వాడకం గడి. అక్కడ రోజుకు 30 యూనిట్లని రాశారు. అదెక్కడి నుంచి వచ్చిందో తెలియదు, మా 64 ఇళ్లలో ఏ గడపకూ ఎవరూ సర్వేకు రాలేదు. మా మీటరు చెప్పే సగటు 38. ఆ ఎనిమిది యూనిట్ల తేడా కూడా పెద్ద విషయం కాదు మంత్రి గారూ. ఆ 30ని రోజంతా సమానంగా పరిచారు చూడండి, అదీ నా కడుపుమంట. గంటకు 1.25 యూనిట్ల చొప్పున, మధ్యాహ్నం పన్నెండుకు ఎంతో రాత్రి పన్నెండుకూ అంతే, తెల్లవారుజామున మూడింటికీ అంతే. మీ సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన మా ఆవాసంలో జనం రాత్రి మూడింటికి లేచి టీవీ చూస్తారు. పాపం, అది మాత్రం ఎలా అనుమానిస్తుంది?

దీనివల్ల ఏమైందంటే, ఆ లెక్కలో చీకటిగా ఉండే పన్నెండు గంటలకూ కలిపి కావలసింది 15 యూనిట్లే అయింది. మిగతా 15 ఎండ ఉండగానే ప్యానెళ్ల నుంచి నేరుగా ఖర్చయిపోయాయి, బ్యాటరీ ముట్టుకోనక్కర లేకుండానే. నిజానికి పొద్దున్నే పనులకు వెళ్లే మనుషులు సాయంత్రం ఇంటికొచ్చాక దీపాలు, ఫ్యాన్లు వేసుకుంటారు. మా 38లో 26 యూనిట్లు సూర్యుడు దిగాకే ఖర్చవుతాయి. మీరిచ్చింది 48 వోల్టుల, 1000 ఆంపియర్ గంటల లెడ్ యాసిడ్ బ్యాటరీ. పేరుకు 48 యూనిట్లు. దాన్ని సగానికి మించి దించకూడదన్నది అందరికీ తెలిసిన నియమం, అంటే చేతికొచ్చేవి 24. ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుంటే మా రాత్రికి బ్యాటరీ నుంచి 29 దాకా లాగాలి. నిండుగా చార్జ్ అయిన నాడు కూడా రోజూ 60 శాతం దించేస్తున్నాం. మరునాడు మబ్బు పడితే ఆ గొయ్యి పూడదు. కొన్నాళ్లపాటు పూడకుండానే ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, తర్వాత ఎండ వచ్చినా బ్యాటరీ మునుపటంత చార్జ్ తీసుకోదు.

నివేదికలో దానికి 8 ఏళ్ల ఆయువు రాశారు. మూడో ఏటే పోయింది.

రేకుల షెడ్డులో పెట్టారని కూడా చెప్పాలి. 25 డిగ్రీల మీద సుమారు పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయువు దాదాపు సగమవుతుంది. మా షెడ్డులో మిట్టమధ్యాహ్నం చెయ్యి పెట్టి చూసిన అధికారి ఒక్కడూ లేడు. ప్రారంభోత్సవం ఉదయం తొమ్మిదికి జరిగింది, అప్పుడు చల్లగానే ఉంది.

ఇప్పుడు మా రాత్రుల సంగతి వినండి. ఏడు దాటితే ఇన్వర్టర్ కూత మొదలవుతుంది. తొమ్మిదిన్నరకల్లా మొత్తం ఆగిపోతుంది. ముసురులో అయితే ఎనిమిదికే. బ్యాటరీ దిగి ఉన్నప్పుడు ఎవరైనా నీళ్ల మోటారు వేస్తే అంతే సంగతులు, మోటారు లేచే క్షణంలో మామూలుకంటే ఐదారు రెట్లు లాగుతుంది కాబట్టి ఇన్వర్టర్ ట్రిప్ అవుతుంది, వీధి మొత్తం చీకటి. అప్పుడు ఎవరు వేశారని గొడవ. నిన్నటిదాకా పలకరించుకున్న ఇళ్లు ఇప్పుడు మొహం చూసుకోవు. టీకాల ఫ్రిజ్ రాత్రంతా ఆగి ఉంటే పొద్దున ఆ నర్సమ్మ మందులన్నీ తీసి పక్కన పెట్టి, సంతకం పెట్టి, కళ్లు తుడుచుకుంటుంది. పరీక్షల ముందు పిల్లలు బ్యాటరీ గది బయటి మెట్ల మీద చేరతారు. అక్కడి చిన్న దీపం విడి సర్క్యూట్‌లో ఉంది, చివరికి ఆరేది అదే. కాస్త స్తోమత ఉన్నవాళ్లు సొంతంగా డీజిల్ జనరేటర్లు కొనుక్కున్నారు. కాలుష్య రహిత ఆవాసమని బోర్డు మాత్రం అలాగే ఉంది, నాలుగు జనరేటర్ల పొగలో.

జనరేటర్ అన్నాను కాబట్టి ఒక మాట. అదే సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న ఉమ్మడి జనరేటర్‌ను కూడా కలిపి చూడమని అడిగి ఉంటే, ముసురు నెలకు మాత్రం దాన్ని వాడుకుని మిగతా ఏడాదంతా ఎండతో గడిపే కలయికను చూపించి ఉండేదేమో. చాలా చోట్ల చవకైన దారి అదే అవుతుంది. ఆ ప్రశ్నే అడగలేదు. ఆ గడిలో టిక్కు లేదు.

ఇంకో గడి ఉంది, దాని గురించి రాయకుండా ఉండలేను. గరిష్ఠంగా ఎంత కొరతను సహించవచ్చు అన్న గడి. అందులో 5 శాతం అని ఉంది. అంటే ఏడాదికి కావలసిన కరెంటులో ఇరవయ్యో వంతు అందకపోయినా ఆ డిజైన్ పాసే. వినడానికి చిన్నదే. కానీ అది 18 రోజుల కరెంటు, అదీ ఏడాది పొడవునా చిల్లరగా కాక ముసురులోనే గంపగుత్తగా పడుతుంది. నేను దీన్ని తప్పు అనడం లేదు, గమనించండి. నూటికి నూరు శాతం అందించాలంటే చివరి నాలుగైదు శాతానికి ప్యానెళ్లూ బ్యాటరీలూ విపరీతంగా పెంచాలి, ఖర్చు ఎక్కడికో పోతుంది. ఆ బేరం ఎవరైనా ఆడవలసిందే. మా తరఫున ఆ బేరం ఆడింది ఎవరు? మమ్మల్ని అడిగి ఉంటే ముసురులో టీవీలు మానుకుంటాం, పిండి మర ఆపుకుంటాం, టీకాల ఫ్రిజ్‌కు మాత్రం కొరత వద్దు అని చెప్పేవాళ్లం. నీళ్ల మోటారు మధ్యాహ్నమే నడిచేలా ఒక టైమరు పెట్టమనేవాళ్లం. దాన్ని వాయిదా వేయదగిన లోడుగా చూపించే వీలు ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. మోటారు వాడే 4 యూనిట్లు రాత్రి నుంచి పగటికి మారితే బ్యాటరీ మీద ఆ మేరకు బరువు తగ్గేది. దీనికి కావలసింది డబ్బు కాదు, ఒక సాయంత్రం మాతో కూర్చునే మనిషి.

సరే, అన్నీ తప్పుగా ఇచ్చినా, వచ్చిన ఫలితాన్నయినా పాటించారా? ఆ పేజీ అడుగున ఫలితాల పట్టికలో మొదటి రెండు వరుసలు కనిపిస్తున్నాయి. మొదటి వరుసలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంది, ముందుగా పెట్టే ఖర్చు ఎక్కువే అయినా మొత్తం జీవితకాలపు ఖర్చు తక్కువ. 80 శాతం దాకా దించుకోవచ్చు, పెట్టిన కరెంటులో తొంభై శాతం పైన తిరిగి ఇస్తుంది. రెండో వరుసలో లెడ్ యాసిడ్, ముందు ఖర్చు తక్కువ. పెన్సిలుతో సున్నా చుట్టింది రెండోదానికి. అంటే సాఫ్ట్‌వేర్ ఒకటి చెప్పింది, టెండరు ఇంకొకటి కొన్నది, జవాబు ఉత్తరంలో మాత్రం పేరు సాఫ్ట్‌వేర్‌ది. చనిపోయిన బ్యాటరీని మార్చే ఖర్చు ఎవరిదని అడిగితే సంఘానిదే అన్నారు. చవక బేరం మీది, ఖరీదైన వాయిదాలు మావి.

నేను మళ్లీ లెక్క వేశాను. యూరోపియన్ కమిషన్ నడిపే పీవీజీఐఎస్ అనే ఉచిత సాధనంలో గ్రిడ్ లేని వ్యవస్థలకు విడిగా ఒక భాగం ఉంది. ప్యానెళ్లు ఎంత, బ్యాటరీ ఎంత, ఎక్కడిదాకా దించవచ్చు, రోజుకు వాడకం ఎంత వంటి సంగతులు అడుగుతుంది. కావాలంటే ఇరవైనాలుగు గంటల వాడకాన్నీ విడివిడిగా ఇవ్వవచ్చు. ఏ నెలలో ఎన్ని రోజులు బ్యాటరీ అడుగంటుతుందో శాతంలో చూపిస్తుంది. మా అసలు అంకెలు ఇస్తే ముసురు నెలలో సగం రోజుల పైనే అడుగంటుతుందని వచ్చింది. అది కొత్త బ్యాటరీకి. ఈ పని నాకు ఒక మధ్యాహ్నం పట్టింది, మీ శాఖకు మూడేళ్లు చాలలేదు.

నా మీద కోపం వస్తే రానివ్వండి, కానీ ఒక సంగతి మాత్రం ఆపండి. ఇదే డిజైన్‌ను ఇదే అంకెలతో మరిన్ని ఆవాసాలకు పెడుతున్నారని విన్నాం. అక్కడి గడుల్లో కూడా 5.2 పన్నెండు సార్లు ఉందా? అక్కడివాళ్లు కూడా రాత్రి మూడింటికి టీవీ చూస్తున్నారా? దయచేసి ఎవరినైనా పంపించి ఒక వారం మీటరు చూడమనండి. ఒక వారం, అంతే. వాడకం పెరిగితే ఏమవుతుంది, బ్యాటరీ త్వరగా పోతే ఏమవుతుంది అని అంకెలు మార్చి మార్చి చూడమనండి, ఆ సౌకర్యం కూడా అందులోనే ఉంది. మా బ్యాటరీ సంగతి తేల్చండి. మా మీద వేసిన అధిక వాడకం నింద వెనక్కి తీసుకోండి. నర్సమ్మ ఫ్రిజ్‌కైనా ముందు ఏదో ఒకటి చేయండి, మిగతాది తర్వాత చూద్దాం. కాదు, మిగతాది కూడా చూడండి, తర్వాత అంటే ఏమవుతుందో మాకు తెలుసు.

అన్నిటికంటే ముందు ఆ ఇన్‌పుట్ ఫైలు మాకు ఇవ్వండి. నా దగ్గరున్నది ఒక పేజీయే, మిగతా పేజీల్లో ఇంకెన్ని సగటులు ఉన్నాయో చూడాలని ఉంది. అదేమీ రహస్య పత్రం కాదు, మేము ఎప్పుడు దీపం వేస్తామో మీ వాళ్లు ఊహించుకున్న లెక్క. పంపమని ఆదేశించడం తమరికి కుదరకపోతే ఆ గుమస్తాకే చెప్పండి, మరోసారి పొరపాటు చేస్తాడు.

ఇట్లు,
తొమ్మిదిన్నర లోపే ఈ లేఖ ముగించవలసి వచ్చిన
వినియోగదారుల సంఘం లెక్కల మనిషి