హ్యాండిల్ మార్చేముందు కేబుళ్లు కొలవండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ మోటారు సైకిళ్లకు చేయించే మార్పుల గురించి పత్రికలో వార్త వచ్చిందంటే అది ఎక్కువగా సైలెన్సర్ గురించే ఉంటుంది. ఆ మోత ఊరంతటికీ వినపడుతుంది కాబట్టి పోలీసులు ఆపుతారు, ఊడదీయిస్తారు. మంచి పనే. హ్యాండిల్ మార్చిన బండి మాత్రం ఏ చప్పుడూ చేయకుండా పక్కనుంచి వెళ్లిపోతుంది. మలుపులో దాని ఎక్సలేటర్ దానంతటదే లేచినా, బ్రేకు గొట్టం తెగేటంత లాగుకుపోయినా నడిపేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. చాలాసార్లు వాడికీ ఆ క్షణం దాకా తెలియదు. షెడ్డుల్లో రోజూ ఈ పని చేసేవాళ్లుగా దీని గురించి వివరంగా రాస్తున్నాం. పిల్లలు ముచ్చటపడి మార్చుకోవడాన్ని మేము తప్పుపట్టడం లేదు. సరిగా చేస్తే అది అందమైన పనే.

హ్యాండిల్‌కు వేలాడే కేబుళ్లు, బ్రేకు గొట్టం, వైర్లు అన్నీ కంపెనీవాళ్లు ఆ హ్యాండిల్ పైపు ఎత్తుకీ వెడల్పుకీ కొలిచి కోసిపెట్టినవి. పైపు నాలుగంగుళాలు లేచిందంటే ఇవన్నీ ఆ మేరకు పొడవు కావాలి. అంగడిలో పైపు ధర చూసి పని చవకలో అయిపోతుందనుకుంటారు. అసలు ఖర్చూ అసలు శ్రమా ఆ తర్వాతే మొదలవుతాయి.

ముందు పైపు మందం. మన దగ్గర తిరిగే బండ్లలో ఎక్కువ వాటికి హ్యాండిల్ 22 మి.మీ. ఉంటుంది. లావు హ్యాండిళ్ల పేరుతో అమ్మేవి చేత్తో పట్టుకునే చోట 22 ఉండి, మధ్యలో వాటిని బండికి బిగించే క్లాంపు దగ్గర 28.6 మి.మీ. ఉంటాయి. 22 క్లాంపులో ఇది పట్టదు, క్లాంపులు కూడా మార్చాలి. తేడా కొద్దిగానే ఉందని రేకు ముక్క చుట్టి బిగిస్తున్నారు, లేదా క్లాంపును ఆకురాయితో అరగదీస్తున్నారు. రెండూ వద్దు. గుంతలో పడ్డ రోజు హ్యాండిల్ ముందుకు తిరిగిపోతుంది. కొనేటప్పుడు మందం కొలిచే వెర్నియర్ పెట్టి కొలవమనండి, క్లాంపు పట్టే చోట గరుకు గీతలు ఉన్నాయో లేదో చూడండి. నున్నటి పైపు జారుతుంది. పై క్లాంపు మీద చుక్క గానీ బాణం గుర్తు గానీ ఉంటే అది ముందువైపు రావాలి. ముందు బోల్టులు పూర్తిగా బిగించి తర్వాత వెనకవి బిగించాలి, సందు వెనక మిగలాలి. గుర్తు లేకపోతే రెండువైపులా సందు సమానంగా ఉండాలి. ఎత్తు కోసం కింద రైజర్లు, అంటే ఎత్తు పెంచే దిమ్మెలు, పెడితే పాత బోల్టులు పొట్టివవుతాయి. 8 మి.మీ. బోల్టు అల్యూమినియంలోకి కనీసం 12 మి.మీ. మర దిగాలి. రెండు చుట్లు పట్టిందని వదిలేస్తే ఒకరోజు ఆ మర ఊడి చేతికి వస్తుంది.

స్విచ్చుల పెట్టెలో చిన్న పిన్ను ఉంటుంది. అది పాత పైపుకున్న రంధ్రంలో కూర్చుంటుంది. కొత్త పైపుకి ఆ రంధ్రం ఉండదు. పిన్నును కోసేస్తే పని త్వరగా అవుతుంది గానీ, వర్షంలో గట్టిగా ఎక్సలేటర్ తిప్పినప్పుడు పెట్టె మొత్తం పైపు చుట్టూ తిరుగుతుంది. పిన్ను మందానికి సరిపడే డ్రిల్లుతో, క్లాంపుకు దూరంగా, ఒకే రంధ్రం వేయాలి. వైర్లు లోపలినుంచి పోనిస్తామని క్లాంపు పక్కనే పెద్ద రంధ్రాలు చేస్తే పైపు సరిగ్గా అక్కడే విరుగుతుంది, బరువంతా పడే చోటు అదే కాబట్టి.

ఇక కేబుళ్లు. ఎక్కువ ప్రమాదం ఇక్కడే. హ్యాండిల్‌ను ఒకవైపు పూర్తిగా తిప్పినప్పుడు పొట్టి ఎక్సలేటర్ కేబుల్ బిగుసుకుని లోపలి వైరును లాగుతుంది. ఇంజను రేజ్ అవుతుంది. నెమ్మదిగా యూటర్న్ తీసుకుంటున్నవాడు ఒక్కసారిగా డివైడర్ మీదికి పోతాడు. అదే క్లచ్ కేబులైతే ప్లేట్లు సగం వదిలిపెట్టి, అరిగి, కాలిన వాసన వస్తుంది. పొడవు పెంచేటప్పుడు గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటుంది: బయటి ఔటర్ ఎంత పెరిగిందో లోపలి ఇన్నర్ కూడా సరిగ్గా అంతే పెరగాలి. ఔటర్ ఎక్కువ పెరిగితే కేబుల్ బిగుసుకుంటుంది, ఇన్నర్ ఎక్కువైతే లివరు ఖాళీగా ఆడుతుంది. వేరే మోడల్ కేబుల్ తెచ్చి వేసినా ఈ రెండు కొలతలూ పాతదాని పక్కన పెట్టి చూసుకోవాలి. ఇన్నర్ చివర స్క్రూతో బిగించే గుండీలు, అంటే నిప్పల్స్, సైకిల్‌కి చెల్లుతాయేమో గానీ మోటారు సైకిల్ ముందు బ్రేకుకు ఎన్నడూ వాడకూడదు. స్క్రూ కింద తీగలు ఒక్కొక్కటే తెగుతూ పోయి, గట్టిగా బ్రేకు పట్టిన రోజునే మిగతావన్నీ కలిసి తెగుతాయి.

కేబుల్ నడిచే దారి కూడా ముఖ్యం. కంపెనీ ఏ పక్కనుంచి తెచ్చిందో ఆ పక్కనుంచే రావాలి. హెడ్‌లైటు వెనక మెలి పడకూడదు, ట్యాంకుకూ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకూ మధ్య నలగకూడదు. పొట్టి హ్యాండిల్ గానీ, ఫోర్కు గొట్టాలకే విడివిడిగా బిగించే క్లిప్ ఆన్లు గానీ వేసినప్పుడు ఇబ్బంది దీనికి తలకిందులు. కేబుల్ మిగిలిపోయి ఉచ్చులాగా ముందుకు వేలాడుతుంది, పూర్తిగా తిప్పినప్పుడు ఎక్కడో ఒకచోట తగులుకుంటుంది. చెయ్యి ట్యాంకుకు కొట్టుకుంటుంది. పూర్తిగా తిప్పినా పిడికిలికీ ట్యాంకుకూ మధ్య వేలు మందమైనా సందు ఉండాలి. ఆ సందు కోసం ఫ్రేము మీద హ్యాండిల్ తిరుగుడును ఆపే స్టాపరు దగ్గర వెల్డింగు ముద్ద పెట్టి తిరుగుడు తగ్గించేవాళ్లున్నారు. నెల్లూరు చిన్నబజారు లాంటి ఇరుకు వీధుల్లో ఆ బండి తిరగదు, తిప్పబోయి పడేస్తారు.

డిస్కు బ్రేకు గొట్టం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన ప్రాంతంలో దీనికి ఒక అడ్డదారి ఉంది. చీమకుర్తి గ్రానైటు క్వారీల వల్ల, ట్రాక్టర్ల వల్ల, జేసీబీల వల్ల హైడ్రాలిక్ పైపులు కొలిచి, కోసి, రెండు చివర్లా ఫిట్టింగు నొక్కి ఇచ్చే దుకాణాలు మన రెండు జిల్లాల్లో దొరుకుతాయి. పైపు గట్టిది, ఒత్తిడి తట్టుకుంటుంది, ఇంకేం కావాలనిపిస్తుంది. కానీ ఆ పైపు లోపలి రబ్బరు హైడ్రాలిక్ ఆయిల్ కోసం చేసింది. బ్రేకు ఫ్లూయిడ్ వేరే రసాయనం. అందులో ఆ రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పొరలు ఊడి దారికి అడ్డం పడుతుంది. మొదటి నెల బ్రేకు బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత పట్టుకున్న బ్రేకు వదలదు, లేదా గొట్టం చివర చెమర్చడం మొదలవుతుంది. బ్రేకు కోసమే చేసిన గొట్టం, కావలసిన పొడవుది, తెప్పించుకోవడమొక్కటే దారి.

గొట్టం చివరి బోల్టుకు పైనొకటి కిందొకటి రాగి వాషర్లు ఉంటాయి. విప్పిన ప్రతిసారీ కొత్తవి వేయాలి, నలిగినవి మళ్లీ సీలు పట్టవు. బోల్టు 10 మి.మీ. అయినా మర చుట్ల మధ్య దూరం కొన్నిటికి 1.25 మి.మీ., కొన్నిటికి 1.0 మి.మీ. ఉంటుంది. వేళ్లతో నాలుగు చుట్లు హాయిగా తిరగకపోతే పానా వేయొద్దు, లివరు దగ్గర ఫ్లూయిడ్‌ను తోసే మాస్టర్ సిలిండర్ పాడవుతుంది. మాస్టర్ సిలిండర్ మూత మీద ఫ్లూయిడ్ రకం డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి అదే పోయాలి. సగం వాడి మూత తీసి పెట్టిన డబ్బా వద్దు, అది గాలిలో తేమ పీల్చుకుని మరిగే వేడి తగ్గిపోతుంది. సముద్రం ఒడ్డున ఉన్న మనకు ఇది ఇంకా ముఖ్యం. ట్యాంకు మీద చుక్క పడితే పెయింటు లేస్తుంది, వెంటనే నీళ్లు పోయండి. హ్యాండిల్ వంపు మారితే దాని మీదున్న మాస్టర్ సిలిండర్ ఫ్లూయిడ్ డబ్బా కూడా వంగుతుంది. దాన్ని వదులు చేసి, బండి నిటారుగా ఉన్నప్పుడు ఫ్లూయిడ్ మట్టంగా ఉండేట్టు తిప్పి బిగించాలి. వంగిన డబ్బాలో ఫ్లూయిడ్ తగ్గినప్పుడు రంధ్రం బయటపడి గాలి లోపలికి పోతుంది, లివరు స్పాంజిలాగా అణుగుతుంది.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి. వీటిలో మాస్టర్ సిలిండర్‌నుంచి ఏబీఎస్ పెట్టెకు ఒక గొట్టం, అక్కడినుంచి డిస్కును పట్టే కాలిపర్‌కు మరొకటి వెళ్తాయి. హ్యాండిల్ లేచినప్పుడు పైదాని పొడవే చూసుకోవాలి. ఫ్లూయిడ్ పూర్తిగా ఖాళీ కానివ్వకుండా పని చేయాలి. గాలి ఆ పెట్టెలోకి పోతే మామూలుగా బ్లీడింగు చేసినా, అంటే ఫ్లూయిడ్‌తో గాలిని తోసినా, బయటికి రాదు.

వైర్లు పొడిగించేటప్పుడు అతుకులన్నీ ఒకేచోట పెట్టకండి, అక్కడ ముద్దై ఫోర్కు దగ్గర ఒరుసుకుంటుంది. టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. ఎడమకు తిప్పితే ఇంజను ఆగిపోతుందంటూ వచ్చే బండ్లలో లోపం కార్బురేటర్‌లో వెతికే ముందు ఇంజను ఆపే కిల్ స్విచ్ వైరు చూడండి.

ఇంతకంటే పెద్ద పని ఫోర్కులు మార్చడం. పాత యమహా ఆరెక్స్ 100కు కేటీఎం డ్యూక్ 390 ఫోర్కులు వేయమని అడుగుతుంటారు. ఆ గొట్టాలు 43 మి.మీ. లావు, వాటిని కలిపి పట్టే టీ వేరు, టీ మధ్యనుంచి ఫ్రేములోకి వెళ్లే రాడ్డు పొడవు వేరు, బేరింగులు వేరు. రాడ్డును కోసి వెల్డింగుతో అతికించడం మాత్రం ప్రాణాంతకం. మొత్తం ముందుభాగం ఆ ఒక్క రాడ్డు మీదే నిలబడుతుంది. లేత్ మీద కొత్త రాడ్డు చేయించి ప్రెస్సుతో దిగ్గొట్టించాలి, ఫ్రేము కప్పులకు సరిపడే బేరింగులే వెతకాలి. పొడవులో తేడా వస్తే బండి నడకే మారుతుంది. ముందుభాగం 25 మి.మీ. దిగితే ఫోర్కు వంపు దాదాపు ఒక డిగ్రీ నిలువవుతుంది. తిరగడం తేలికవుతుంది, కానీ హైవే మీద వేగంలో హ్యాండిల్ వణుకుతుంది. పెన్నా వంతెన మీద అడ్డగాలి కొట్టినప్పుడూ, లారీ పక్కనుంచి దూసుకుపోయినప్పుడూ ఆ వణుకు చేతికి తెలుస్తుంది. ముందుభాగం లేస్తే నెమ్మదిగా పోయేటప్పుడు బరువుగా ఒకపక్కకు వాలుతుంది.

ఫోర్కు వేశాక స్ప్రింగులు తీసేసి బండిని కిందికంటా అణచి చూడాలి. టైరు, మడ్‌గార్డు కింది టీకి తగలకూడదు. ఈ ఒక్క పరీక్షా దాదాపు ఎవరూ చేయడం లేదు. గుంతలో ఫోర్కు పూర్తిగా అణిగిన క్షణాన టైరు టీకి తగిలి చక్రం ఆగిపోతుంది. కోన్ సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల, బిగువు కూడా చూడండి. చక్రం పైకెత్తి వేలితో తోస్తే హ్యాండిల్ రెండువైపులా దానంతటదే పడాలి. ముందు బ్రేకు పట్టి ఊపితే టక్కుమనకూడదు.

చట్టం సంగతి కూడా తెలియాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికి తేడా వచ్చే మార్పు చేయకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కంపెనీ ఆ మోడల్‌కే అమ్మే హ్యాండిల్ తీసుకుని బిల్లు దాచుకోవడం మేలు. అద్దాలు తీసేయొద్దు.

రవాణా శాఖ, ట్రాఫిక్ పోలీసులకు మా విన్నపం. బండి ఆపినప్పుడు సైలెన్సర్‌తో పాటు ఇది కూడా చూడండి. రెండు నిమిషాల పని. సెంటర్ స్టాండు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను ఆన్ చేసి, హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పండి. ఇంజను శబ్దం ఏమాత్రం మారకూడదు. రెండు చివర్లలోనూ ఎక్సలేటర్ తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. తర్వాత ముందు చక్రం గాలిలోకి లేచేట్టు వెనక్కి అదిమి, మళ్లీ రెండువైపులా తిప్పి బ్రేకు గొట్టం చూడండి. ఎక్కడైనా తాడులాగా బిగుసుకుంటే ఆ బండిని రోడ్డు మీదికి పంపొద్దు. షెడ్డుల్లో పనిచేసే అన్నదమ్ములను కూడా అడుగుతున్నాం: బండి చేతికిచ్చే ముందు ఈ పరీక్ష దాని యజమాని ఎదుటే చేసి చూపించండి.

ఇట్లు,
టూవీలర్ మెకానిక్కులు,
ఒంగోలు, కావలి, నెల్లూరు