ఒకే రూటు, ఒకే బోర్డు, జీతాలు మాత్రం వేరు

ఎడిటర్ గారికి నమస్కారం.

బస్సు డ్రైవర్‌కి ఒక జీతం, రైలు డ్రైవర్‌కి ఒక జీతం ఏంటి, ఇద్దరూ జనాన్ని మోసేవాళ్ళే కదా అని చాలామంది అడుగుతుంటారు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ని, ఆ తేడా నాకు తప్పుగా అనిపించదు. అసిస్టెంట్ లోకో పైలట్, అంటే రైలు డ్రైవర్ పక్కన ఉండే సహాయక డ్రైవర్, అవ్వాలంటే రాతపరీక్ష మీద ఏకాగ్రత చూసే సైకో టెస్టు, కళ్ళద్దాలు లేకుండా కంటి పరీక్ష పాసవ్వాలి, ఏడో పే కమిషన్‌లో బేసిక్ 19,900, గూడ్స్ రైలు నడిపే లోకో పైలట్‌కి 35,400, కిలోమీటర్ అలవెన్స్ వేరే. స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌కి 18,000. పనిని బట్టి, బాధ్యతని బట్టి ఇచ్చారు, సరే.

నా బాధల్లా ఆర్టీసీ ప్రైవేటు ఓనర్ల దగ్గర తీసుకుని నడిపే అద్దె బస్సు డ్రైవర్ గురించే. కండక్టర్ ఆర్టీసీ మనిషి, డ్రైవర్ ఓనర్ మనిషి. అదే హెవీ లైసెన్సు, అదే రూటు, అవే స్టాపులు, ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు, మహాలక్ష్మి స్కీం వచ్చాక అదే రష్షు. ముందు డోర్ దగ్గర ఆడవాళ్ళు కిక్కిరిసి నిలబడితే ఎడం అద్దం కనపడేది కాదు, మా డ్రైవర్ "అన్నా, అందరూ ఎక్కిన్రా" అని అడిగి, నేను రైట్ అన్నాకే గేరు వేసేవాడు. అంత జాగ్రత్త ఉన్న మనిషికి పక్క బస్సులోని ఆర్టీసీ డ్రైవర్ కంటే చాలా తక్కువ జీతం, పీఎఫ్ కూడా లేదు. ఇందులో స్కిల్ తేడా ఎక్కడుందో నాకైతే అర్థం కాలేదు.

ఢిల్లీ పోలీసు శాఖలో డ్రైవర్ కానిస్టేబుల్ రణధీర్ సింగ్, వేరే శాఖల డ్రైవర్లకంటే తనకి తక్కువ ఇస్తున్నారని సుప్రీంకోర్టుకి వెళ్తే, పని ఒకటే అయినప్పుడు శాఖ వేరన్న ఒక్క కారణం చాలదని 1982లో తీర్పొచ్చింది, రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. అది సర్కారు ఉద్యోగుల కేసు, ఓనర్ పెట్టుకున్న డ్రైవర్‌కి ఎట్లా వర్తిస్తుంది అంటారు. ఒప్పుకుంటా. కానీ ఓనర్‌కి కిలోమీటర్ లెక్కన డబ్బులు కట్టేది ఆర్టీసీయే కదా, టెండర్ పిలిచేటప్పుడే డ్రైవర్ జీతం ఇంతకి తగ్గొద్దు, పీఎఫ్ కట్టాలి, జీతం బ్యాంకులో పడ్డట్టు కాగితం చూపిస్తేనే బిల్లు పాస్ చేస్తాం అని అగ్రిమెంట్‌లో రాసుకోడానికి అడ్డేముంది? కంపెనీల చేతిలో ఉన్న ఎలక్ట్రిక్ బస్సులకి కూడా ఇదే కండిషన్ పెట్టాలి, వాటిల్లోనూ డ్రైవర్ కంపెనీ మనిషే.

- ఒక రిటైర్డ్ కండక్టర్, సూర్యాపేట