కొత్త ల్యాప్‌టాప్‌తో పాటే రికవరీ పెన్‌డ్రైవ్ కూడా చేతికివ్వాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

తెనాలిలో నాకొక చిన్న నెట్ సెంటర్ ఉంది. జిరాక్స్‌లు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ప్రాజెక్టు ప్రింటవుట్లు, మధ్యమధ్యలో పాడైన ల్యాప్‌టాప్‌లు బాగుచేయడం, ఇదే నా పని. ఏటా ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ పూర్తవగానే ఊళ్లో ల్యాప్‌టాప్‌ల అమ్మకాలు ఊపందుకుంటాయి. ఆరు నెలలు తిరక్కుండానే వాటిలో కొన్ని నా బల్ల మీదికి వస్తాయి.

మొన్న ఒక అమ్మాయి వాళ్ల నాన్నతో కలిసి వచ్చింది. బీటెక్ మొదటి సంవత్సరం. మూత తెరిస్తే నీలం తెర, దాని మీద 48 అంకెల బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ కొట్టమని ఒక గడి. "అంకుల్, నేను అసలు ఏ లాకూ పెట్టలేదు" అని ఒకటే ఏడుపు. ఆ పిల్ల చెప్పింది నిజమే. ఇప్పుడొచ్చే విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డిస్కుకు దానంతటదే తాళం పడుతుంది, తాళంచెవి ఆ అకౌంట్‌లోకి వెళ్లిపోతుంది. బయాస్ (ఆన్ చేయగానే మెషీన్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) అప్‌డేట్ అయినా, మదర్‌బోర్డు మార్చినా ఒక్కోసారి ఆ కీ అడుగుతుంది. మరి ఈ అమ్మాయి అకౌంట్ ఏది? కొన్న రోజు షాపులో కుర్రాడు తనే ఏదో మెయిల్ ఐడీ తయారుచేసి, విండోస్ తెరిచి, పనిచేస్తోందని చూపించి ఇచ్చేశాడట. ఆ షాపుకి నేనే ఫోన్ చేశాను. ఆ కుర్రాడు పని మానేసి వెళ్లిపోయాడు, ఐడీ ఏమిటో అక్కడ ఎవరికీ తెలీదు.

ఇక ఫార్మాట్ చేయక తప్పలేదు. ఒక సెమిస్టర్ మొత్తం రాసుకున్న సీ ప్రోగ్రాములు, ల్యాబ్ రికార్డులు, ఇంట్లో ఫోటోలు అన్నీ పోయాయి. అంతా విన్నాక వాళ్ల నాన్న ఒక్కటే మాట అడిగారు. "ఇన్ని వేలు పెట్టి కొన్నాం గదండీ, ఇట్టా అయితే మళ్లీ తెరుచుకోవడానికి దీంతో పాటు ఏమీ ఇవ్వరా?" ఆయనకు నా దగ్గర జవాబు లేదు. అందుకే మీకు రాస్తున్నాను.

ఒకప్పుడు ఇచ్చేవాళ్లండీ. పాడైతే విండోస్‌ని మళ్లీ ఎక్కించుకునే రికవరీ సీడీలు, డీవీడీలు ల్యాప్‌టాప్ పెట్టెలోనే వచ్చేవి. తర్వాత కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి ఆ డిస్కులు మానేసి, హార్డ్‌డిస్కులోనే ఒక మూల అవే ఫైళ్లతో దాచిన పార్టిషన్ (డిస్కులో వేరుచేసిన భాగం) పెట్టడం మొదలుపెట్టాయి. విండోస్ 7 రోజుల్లో కొత్త ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే "మీ రికవరీ డిస్కులు తయారుచేసుకోండి" అని ఒక బాక్స్ వచ్చేది. మూడో నాలుగో ఖాళీ డీవీడీలు కొనుక్కుని గంటల తరబడి కూర్చుని రాసుకోవాలి, కొన్ని కంపెనీలైతే ఒక్క సెట్టుకే అనుమతించేవి. అది కూడా చాలామంది చేసేవాళ్లు కాదు, రోజూ వచ్చే ఆ బాక్సును మూసేసేవాళ్లు. ఇప్పుడు డీవీడీ డ్రైవే లేదు, ఆ బాక్సూ లేదు. దాచిన పార్టిషన్ మాత్రం ఉంటుంది, కొన్నింటికి ఎఫ్11, కొన్నింటికి ఆల్ట్ నొక్కి ఎఫ్10 కొడితే అది తెరుచుకుంటుంది. కానీ డిస్కే చచ్చిపోతే ఆ పార్టిషన్ కూడా దాంతో పాటే పోతుంది, ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టు.

మీ పాఠకుల్లో చాలామందికి తెలియని ఇంకో విషయం చెప్పాలి. విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లకు లైసెన్సు కీ మదర్‌బోర్డు మీద చిప్‌లోనే ఉంటోంది. కింద స్టిక్కర్ మీద అంకెలు ఉండవు. అంటే కొనేవాడు ఒరిజినల్ విండోస్‌కి డబ్బు కట్టేశాడు, అది ఆ మెషీన్‌లోనే ఉంది. అయినా పాడైందని బయట ఇస్తే చాలాచోట్ల ఏం చేస్తారంటే, డిస్కు మొత్తం తుడిచేసి, దాచిన పార్టిషన్‌తో సహా లేపేసి, తమ దగ్గరున్న ఏదో పైరేటెడ్ కాపీ ఎక్కించి, అది అసలుదేనని విండోస్‌ని నమ్మించడానికి యాక్టివేటర్ అనే దొంగ ప్రోగ్రాం ఒకటి వేసి, అది పనిచేయడానికి యాంటీవైరస్ ఆపేసి ఇస్తారు. మన డబ్బుతో కొన్న అసలు సరుకు పారేసి దొంగ సరుకు పెట్టించుకుని పైగా మళ్లీ డబ్బులిచ్చి వస్తున్నాం. అదే మెషీన్‌లో పిల్లల నాన్న బ్యాంకు అకౌంట్ తెరుస్తారు. నా వృత్తిలో ఉన్నవాళ్ల గురించే రాస్తున్నానని తెలుసు, రాయక తప్పదు.

విండోస్ మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది కదా అనేవాళ్లున్నారు. నిజమే, మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ చేసుకోవచ్చు. డెల్, హెచ్‌పీ, లెనోవో లాంటి కంపెనీలు కూడా తమ మోడళ్లకు రికవరీ ఫైళ్లు సైట్లలో ఇస్తున్నాయి. కానీ అవి దింపుకోవడానికి పనిచేసే కంప్యూటర్ ఇంకొకటి కావాలి, నెట్ కావాలి. ఇంటికంతటికీ ఉన్నది ఒక్క ల్యాప్‌టాప్, అది తెరుచుకోవడం లేదు, అప్పుడేం చేస్తారు? పైగా ఉత్త విండోస్ ఎక్కిస్తే ఒక్కోసారి వైఫై రాదు, టచ్‌ప్యాడ్ కదలదు, కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో తగిన డ్రైవర్ (ఆ భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాం) ఇస్తే తప్ప లోపలున్న డిస్కు, అంటే ఎస్‌ఎస్‌డీనే కనపడదు. అలవాటున్న నాకే టెన్షన్ వస్తుంది, పద్దెనిమిదేళ్ల పిల్లకి ఏం తెలుస్తుంది?

అదే ల్యాప్‌టాప్ బాగున్న రోజున రికవరీ పెన్‌డ్రైవ్ చేసుకుంటే ఎంత తేలికో. స్టార్ట్‌లో "రికవరీ డ్రైవ్" అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే ఆ టూల్ వస్తుంది, కనీసం 16 జీబీ ఉన్న ఖాళీ పెన్‌డ్రైవ్ పెట్టాలి, 32 అయితే నిశ్చింత. సిస్టమ్ ఫైళ్లు కూడా బ్యాకప్ చేయాలా అని అడిగే చోట టిక్ తీయకూడదు, అది లేకపోతే దాంతో విండోస్ మళ్లీ ఎక్కదు. చార్జర్ పెట్టి వదిలేస్తే గంట పట్టొచ్చు, ఎక్కువా పట్టొచ్చు. పెన్‌డ్రైవ్‌లో ముందున్నవి చెరిగిపోతాయి, మన ఫోటోలూ ఫైళ్లూ అందులోకి రావు, వాటికి వేరే బ్యాకప్ పెట్టుకోవాలి. ఏడాదికోసారి మళ్లీ చేసుకోమని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఆ రోజే సొంత అకౌంట్‌లోకి వెళ్లి 48 అంకెల కీ ప్రింట్ తీసి బిల్లుతో పాటు దాచుకోవాలి. రికవరీ డ్రైవ్ విండోస్‌ని తెస్తుంది, లోపలి ఫైళ్లను తెరిచేది ఆ కీ మాత్రమే. రెండూ కావాలి.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ తప్పుతో ప్రపంచమంతా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో ఆగిపోయినప్పుడు, హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. ఆ రోజు పెద్ద కంపెనీల ఐటీ వాళ్లు కూడా ఈ రికవరీ కీల కోసమే వెతుక్కున్నారు. వాళ్లకు ఒక విభాగమే ఉంది. మా ఊరి పిల్లలకు ఎవరున్నారు?

నేను కోరేది పెద్దదేమీ కాదు. ల్యాప్‌టాప్ ధరలో పెన్‌డ్రైవ్ ఖరీదు ఏ మూలకు? కంపెనీలే దాన్ని పెట్టెలో పెట్టి ఇవ్వాలి. అంతవరకూ అమ్మే షాపువాళ్లు కొన్నవాళ్ల ఎదుటే, కొన్నవాళ్ల సొంత మెయిల్‌తో అకౌంట్ తెరిచి, రికవరీ డ్రైవ్ చేసి, కీ ఎక్కడుందో చూపించి పంపాలి. బ్యాగూ మౌసూ ఫ్రీ అని బోర్డు పెట్టేవాళ్లకు ఇది భారం కాదు. ఒక్క కాగితం మీద ఇదంతా తెలుగులో అచ్చువేసి ఇవ్వాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ (బాగుచేయించుకునే హక్కు) పోర్టల్ తెరిచింది కదా, ల్యాప్‌టాప్‌లకు రికవరీ మీడియా ఇవ్వడం కూడా మన హక్కుగానే చూసి, దాన్ని తప్పనిసరి చేయాలని ఆ శాఖకు నా విన్నపం. కాలేజీలు మొదటి వారంలో ఒక్క ల్యాబ్ పీరియడ్ దీనికి కేటాయిస్తే చాలు. పిల్లలు పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటారు, క్లాసంతా ఒకేసారి చేసుకుంటుంది.

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో చిప్‌లోని అసలు లైసెన్సుతోనే విండోస్ ఎక్కించాను. తన మెయిల్‌తోనే అకౌంట్ పెట్టించి, పెన్‌డ్రైవ్ చేసి, తెల్ల స్టిక్కర్ అంటించి దాని మీద మోడల్ పేరు, తేదీ రాశాను. వాళ్ల నాన్న దాన్ని షాపు బిల్లున్న కవర్లో పెట్టుకుని, ఆ కవర్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి పాతవి మార్చి కొత్తవి కొనేవాళ్లు ఇంకా పెరుగుతారు. వాళ్లందరికీ ఆ కవర్లో బిల్లుతో పాటు పెన్‌డ్రైవ్ షాపులోనే పెట్టి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
తెనాలి.