బీదర్ ఎయిర్‌ఫీల్డ్ కథ 1963లో మొదలు కాలె

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో బీదర్ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ మీద వచ్చిన అర పేజీ ఐటమ్ చదివిన. గాల్లో విన్యాసాలు చేసే ఎయిర్‌ఫోర్స్ టీమ్ సూర్యకిరణ్ ఫొటోలు మస్తున్నయి, మా చిన్నోడు కట్ చేసి ఫ్రిజ్ డోర్‌కు అంటించుకున్నడు కూడా. కానీ అందులో రెండు ముక్కలు చదివినప్పటి నుంచి మనసు ఊకుంటలేదు, అందుకే ఇది రాస్తున్న. ఒకటి, ఆ స్టేషన్ 1963లో పుట్టిందని రాసిండ్రు. రెండు, సూర్యకిరణ్ టీమ్‌ను 2011లో యాక్సిడెంట్ల వల్ల ఆపేసిండ్రని రాసిండ్రు. రెండూ తప్పే.

మాది సంగారెడ్డి జిల్లా న్యాల్‌కల్ మండలం. బైక్ మీద అరగంట పోతే బీదర్. పెండ్లి బట్టలైనా, పంటి నొప్పికి డాక్టరైనా మాకు ముందు గుర్తొచ్చేది బీదరే, సంగారెడ్డి తర్వాత. అందుకని ఆ ఎయిర్‌ఫీల్డ్ మాకు పక్క రాష్ట్రంలో ఉన్నదన్న ఫీలింగ్ ఎప్పుడూ లేదు, నెత్తి మీద తిరిగే విమానాలకు బార్డర్ ఎక్కడుందో మనకేం తెలుస్తది.

నా చిన్నప్పుడు, అంటే 70లలో, తిరిగేవి చిన్న చిన్న ప్రొపెల్లర్ విమానాలు, అవి హెచ్‌టీ-2లు అని పెద్దయినంక తెలిసింది. పొద్దున్నే మొదలయ్యేది సౌండ్. ఒక్కోసారి మీదికి పోయి పోయి ఇంజన్ చప్పుడు సన్నగైపోయేది, ఇగ పడిపోతది అనుకుంటూ మెడలు నొప్పి పుట్టేదాకా చూసేటోళ్ళం, మళ్ళా గుర్రుమని అందుకునేది. పోరగాళ్ళమంతా బయటికి ఉరికి చేతులూపేది, మా తాత మాత్రం సౌండ్ వినంగనే చేతిలో పని ఆపి మెల్లగ వేపచెట్టు కిందికి జరిగేటోడు. ఎండకు కాదు, చలికాలంలో కూడా అంతే. విమానం పోయినంక బయటికొచ్చి ఏం జరగనట్టు మళ్ళా పనిలో పడేటోడు. ఎందుకు తాతా అంటే ఏమీ చెప్పేటోడు కాదు. మా నాయన చెప్పిండు, 1948ల విమానాలు బీదర్ దిక్కు పోతుంటే జొన్న చేన్ల పడి దాక్కున్నడంట, అప్పటి నుంచి ఆ అలవాటు పోలేదంట.

మీ ఐటమ్‌లో లేనిది ఇదే. ఆ ఫీల్డ్ రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో, 1942లో, నిజాం ఏలుబడిలో ఉన్నప్పుడు వచ్చింది. అప్పుడు బీదర్ హైదరాబాద్ స్టేట్‌లో ఒక జిల్లా, జహీరాబాద్, నారాయణఖేడ్ తాలూకాలు ఆ జిల్లాలోవే, మా న్యాల్‌కల్ అయితే ఏకంగా బీదర్ తాలూకాలోనే ఒక సర్కిల్. 1956 నవంబర్ 1న రాష్ట్రాలు మళ్ళా గీసినప్పుడు బీదర్ మైసూర్ దిక్కు పోయింది, మమ్మల్ని మెదక్ జిల్లాలో కలిపిండ్రు. అంటే ఆ ఫీల్డ్ మొదటి పద్నాలుగేండ్లు మా తాలూకా ఫీల్డే, ఇది సెంటిమెంట్‌తో అంటున్నది కాదు, రికార్డే.

ఇక 1948. సిడ్నీ కాటన్ అని ఒక ఆస్ట్రేలియన్ పైలట్ ఉండె, యుద్ధంలో విమానం మీది నుంచి శత్రువుల జాగాలను ఫొటోలు తీయడంలో పేరు మోసినోడు. ఇండియా హైదరాబాద్‌కు సరుకు రాకుండ చుట్టూ దిగ్బంధం పెట్టినప్పుడు ఈయన లాంకాస్ట్రియన్ విమానాలు పెట్టుకుని కరాచీ నుంచి రాత్రిళ్ళు ఆయుధాలు తెచ్చి నిజాంకు దింపేటోడు, దిగింది ఎక్కడంటే బీదర్, వరంగల్ ఫీల్డుల్లో. లాంకాస్ట్రియన్ అంటే లాంకాస్టర్ బాంబర్‌ను ప్యాసింజర్ విమానంగా మార్చిన రకం, నాలుగింజన్లది. అంత పెద్ద విమానం చీకట్ల మా ఊర్ల మీదుగా పోయిందంటే ఎవరికీ నిద్ర పట్టి ఉండదు. తర్వాత ఇంగ్లండ్‌లో కోర్టు ఆయనకు వేసిన ఫైన్ ఎంతో తెలుసా, 200 పౌండ్లు.

సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలైంది. మన ఎయిర్‌ఫోర్స్ టెంపెస్ట్ విమానాలు బీదర్, వరంగల్ ఫీల్డుల మీద బాంబులేసినయి. షోలాపూర్ రోడ్డు నుంచి వచ్చిన సైన్యం 16న జహీరాబాద్ వైపు కదిలితే దారిల మందుపాతరలు అడ్డం తగిలి లేటయింది, బీదర్ రోడ్డు కలిసే జంక్షన్ కాడ కాల్పులు కూడా జరిగినయి. ఇప్పుడు అదే హైవే మీద మనం చాయ్ తాగి పోతుంటం. 17 పొద్దున బీదర్‌లోకి సైన్యం వచ్చింది, అదే రోజు సాయంత్రం నిజాం కాల్పుల విరమణ అన్నడు. ప్రతి సెప్టెంబర్ 17కి విమోచనమా విలీనమా అని టీవీల్లో కొట్టుకుంటం గానీ ఆ నాలుగైదు రోజులు ఈ బార్డర్ ఊర్లల్ల ఏం జరిగిందో అడిగేటోడు ఒక్కడు లేడు.

సరే 1963 సంగతికొస్తే, మీరు రాసిన సంవత్సరం కరెక్టే, రాసిన పదం తప్పు. అప్పుడు పుట్టింది స్టేషన్ కాదు, స్కూల్. 62ల చైనా యుద్ధం తర్వాత ఎయిర్‌ఫోర్స్‌ను పెంచాల్సి వచ్చింది, పైలట్లు ఎక్కువ మంది కావాలె, ఖాళీగున్న ఈ పాత ఫీల్డ్‌ను ఎలిమెంటరీ ఫ్లయింగ్ స్కూల్‌గా మళ్ళా నడిపించిండ్రు. బాంబులు పడ్డ జాగాలోనే, పడ్డ పదిహేనేండ్లకు, ఆ బాంబులేసిన ఎయిర్‌ఫోర్సే పోరగాళ్ళకు ఓనమాలు నేర్పుడు మొదలుపెట్టింది. అసలు కథ ఇది కదా సార్, దీన్ని వదిలిపెట్టి మీరు ఫ్లెక్సీ మీద రాసినట్టు గొప్ప గొప్ప అని రాసిండ్రు.

నేర్చుకున్న హెచ్‌టీ-2 కూడా మామూలు బండి కాదు, బెంగళూరు హెచ్‌ఏఎల్‌లో ఘాటగే గారి టీమ్ గీసి తయారుచేసిన విమానం, 1951లో మొదటిసారి ఎగిరింది, మన దేశంలో మనమే డిజైన్ చేసి ఎయిర్‌ఫోర్స్‌కు ఇచ్చిన తొలి ట్రైనర్ అదే. దాని తర్వాత హెచ్‌పీటీ-32 వచ్చింది. దానితోటి మాత్రం కష్టమే అయింది, గాల్లో ఇంజన్ ఆగిపోవుడు దాని పెద్ద జబ్బు. 2009 జులైలో మన మెదక్ జిల్లాలోనే ఒకటి కూలి ఇద్దరు సీనియర్ పైలట్లు పోయిండ్రు, దాంతో మొత్తానికే పక్కన పెట్టేసిండ్రు.

మీ రెండో తప్పు ఇక్కడే వస్తది. హెచ్‌పీటీ-32లు పోయేసరికి కొత్తోళ్ళకు నేర్పడానికి విమానాల్లేవు, తర్వాతి దశ ట్రైనింగ్‌కు ఉన్న కిరణ్ జెట్లనే అన్నిటికీ వాడాల్సి వచ్చింది. సూర్యకిరణ్ టీమ్ 1996లో బీదర్‌లో మొదలైనప్పటి నుంచి ఎగిరింది ఆ కిరణ్‌ల మీదనే. అందుకే 2011 ఫిబ్రవరిలో బెంగళూరు ఏరో ఇండియా షో అయిపోయినంక టీమ్‌ను ఆపి ఆ విమానాలను ట్రైనింగ్‌కు ఇచ్చేసిండ్రు. 2009 జనవరిలో బీదర్ కాడ టీమ్ విమానం ఒకటి కూలిన మాట నిజమే, కానీ దాని తర్వాత రెండేండ్లు టీమ్ ఎగిరింది కదా. 2015లో హాక్ అనే జెట్ ట్రైనర్ల మీద మళ్ళా మొదలుపెట్టిండ్రు. 2019లో యలహంక రిహార్సల్‌లో రెండు గుద్దుకుని ఒక పైలట్ చనిపోయింది ఇంకా తర్వాతి ముచ్చట, మీవాళ్ళు ఇవన్నీ కలిపి ఒక్క లైన్ చేసేసినట్టున్నరు.

హాక్ గురించి మాత్రం మీరు బాగనే రాసిండ్రు, ఒక్కటే కలుపుత. అట్లాంటి జెట్ ట్రైనర్ కావాలని 1982లో లా ఫాంటేన్ కమిటీ చెప్పింది, 66 విమానాల ఒప్పందం అయింది 2004లో, బీదర్‌కు చేరింది 2008 ఫిబ్రవరిలో. ఈ ఇరవయ్యారేండ్లల ఎంతమంది కుర్రోళ్ళు కిరణ్ దిగి నేరుగా మిగ్-21 యుద్ధ విమానం ఎక్కాల్సి వచ్చిందో ఆలోచించండి, మిగ్ దిగేటప్పుడే గంటకు 300 కిలోమీటర్ల పైన ఉంటది. స్కూటర్ నేర్పి లారీ తాళాలు చేతిల పెట్టినట్టు. ఆ ఆలస్యానికి కట్టిన ఖరీదు గురించి ఒక్క పేరా అన్నా ఉండాల్సింది.

ఇంకో సంగతి కూడా ఎవరూ రాయరు. దుండిగల్‌లో పిలాటస్ అనే చిన్న ట్రైనర్ విమానం మీద మొదలుపెట్టి, హకీంపేటలో కిరణ్ ఎక్కి, బీదర్‌లో హాక్ నేర్చుకుని బయటపడే ఫైటర్ పైలట్ చదువంతా పాత హైదరాబాద్ స్టేట్ లోపల్నే అయిపోతది. 2016 జూన్‌లో దుండిగల్‌లో ఫైటర్ పైలట్లుగా కమిషన్ అయిన మొదటి ముగ్గురు ఆడపిల్లలు, అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్, తర్వాత హాక్ నేర్చుకోడానికి వచ్చింది బీదర్‌కే. ఆ ఏడాది మా ఇంటి కిటికీ అద్దాలు గడగడలాడినప్పుడల్లా మా ఆవిడ "ఇది ఆడపిల్లే నడుపుతుండొచ్చు" అనేది.

నా గులుగుడు ఏందంటే, ఈ ఫీల్డ్ మూడు దిక్కుల మధ్యల పడిపోయింది. మన తెలుగు పేపర్లకు అది కర్ణాటక న్యూస్, విమానం మన జిల్లాలో కూలితేనే గుర్తొస్తది. అటువైపు వాళ్ళకేమో నిజాం ముచ్చట హైదరాబాదోళ్ళ ముచ్చట. ఎయిర్‌ఫోర్స్‌కు వాళ్ళ స్కూల్ పెట్టిన కాడి నుంచే లెక్క. ఈ ముగ్గురిలో ఎవరూ 1942 నుంచి 63 దాకా ఇరవయ్యొక్కేండ్లు పట్టించుకోరు. 2020 ఫిబ్రవరిలో అక్కడి నుంచి బెంగళూరుకు ప్యాసింజర్ విమానం మొదలైనప్పుడు కూడా చూసిన, అన్ని పేపర్లల్ల టికెట్ రేటు ఉంది, ఫీల్డ్ ఎప్పటిదో ఒక్క ముక్క లేదు.

తప్పు సవరించి రెండు లైన్లు వేస్తే సంతోషం. అంతకన్నా, జిల్లా ఎడిషన్ నుంచి ఒక విలేకరిని న్యాల్‌కల్, జహీరాబాద్, నారాయణఖేడ్ ఊర్లకు పంపండి, 48 గుర్తున్నోళ్ళు ఇంకా అక్కడక్కడ ఉన్నరు. మా ఊర్లో తొంభై దాటినోళ్ళు ఇద్దరు, ఒకాయనకు చెవులు సరిగ్గ వినపడవు, గట్టిగ అడగాలె, కానీ రాత్రిపూట వచ్చిన విమానాల గురించి అడిగితే మాత్రం ఆగకుండ చెప్తడు. ముందుగ చెప్తే జహీరాబాద్ బస్టాండ్ కాడికి బండి తీసుకుని నేనే వస్త, పొద్దున వస్తే మంచిది, మధ్యాహ్నం తిని పడుకుంటడు.

ఇట్లు,
న్యాల్‌కల్ మండలం నుంచి మీ పాఠకుడు